సముద్రతీర గ్రామమున విజ్ఞానసభ

(రజతోత్సవ సందర్భమున చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగు వేళ గ్రంథపఠన మహిమను వర్ణించుట పరిపాటి. ఆ వర్ణన పెద్దలు చాలమంది చేసియున్నారు. కోడూరువంటి యూరి గ్రంథాలయమునకు ప్రత్యేకముగా చెందిన పని మరియొకటి కలదు. నేటి ప్రసంగమునకు అదియే విషయము. సముద్రమునకు చేరువనున్న గ్రామమున గ్రంథాలయము సముద్రమును గూర్చి సభలు జరుపవలెను. శాస్త్రమెరిగినవారిని పిలిపించి చెప్పింపవలెను. వేటకు పోవువారిని ముందు వరుసను కూర్చుండబెట్టి వారిచేతను చెప్పింపవలెను. ఈ పని ప్రాణరక్షణకు సంబంధించినదని చూపుటయే ఈ ప్రసంగోద్దేశము.

కృష్ణవేణి పులిగడ్డ యొద్ద రెండుగా చీలి, ఆ రెండు పాయల నడుమ దివిసీమను నిలిపినది. నది తెచ్చిన ఒండ్రునకును సముద్రము తెచ్చిన ఉప్పునకును గల పోరాటము నుండి ఈ సీమ పుట్టినది. వరి పండుటయు, పొలము చౌడు బారుటయు, బావినీరు తియ్యగానుండుటయు, ఉప్పగుటయు నేటికిని ఆ రెంటి బలాబలములను అనుసరించియే జరుగుచున్నవి. నేల సంగతి తెలుపుటకు గ్రామమున అడంగలు కలదు. శిస్తు సంగతి తెలుపుటకు జమాబందీ కలదు. ఏ సర్వే నంబరున ఎన్ని సెంట్లు కలవో ఎవరైనను చూచుకొనవచ్చును. సముద్రము సంగతి వ్రాసియుంచిన పుస్తకమొక్కటియు గ్రామచావడిలో లేదు. నేల ఏడాదికొకసారి పన్ను కోరును. సముద్రము ఎప్పుడు కోరునో, ఎంత కోరునో ముందుగా తెలుపదు.

సభ యనునది ఈ సీమకు క్రొత్తది కాదు. మాఘ పౌర్ణమినాడు హంసలదీవి సాగరసంగమమునకు వేలకొలది జనులు స్నానమునకు వచ్చెదరు. వేణుగోపాలస్వామి సన్నిధిని ఉత్సవములు జరుగును. ఆ సంగమమున మునిగిన కాకి హంసయై లేచెనని స్థలపురాణము. గ్రామనామమునకును అదియే కారణమందురు. కాకియు హంసయు సముద్రమును కలిసి వచ్చు కథ భారతమునందును గలదు. కర్ణపర్వమున శల్యుడు కర్ణునకు ఆ కథ చెప్పెను. ఎంగిళ్లు మెక్కి బలిసిన కాకి తనకు నూటయొక్క విధముల గతులు తెలియునని ప్రగల్భములు పలికెను. హంస తనకు ఒక్క గతియే తెలియుననెను. రెండును సముద్రముపై ఎగిరినవి. కొంతదూరము పోవుసరికి నిలువ తావు లేక, చెట్టు కానరాక కాకి నీట బడి మునుగజొచ్చెను. తన యజ్ఞానమును ఒప్పుకొన్న పిమ్మట హంస దానిని వీపుపై మోసి ఒడ్డు చేర్చెను. సముద్రము నెదుట తెలియనిదానిని తెలిసినట్లు పలుకరాదనుట ఆ కథవలన గ్రహింపదగిన నీతి. ఈ నీతి ఒడ్డున నివసించువారికెంత వర్తించునో, సముద్రశాస్త్రము చదివినవారికిని అంతయే వర్తించును.

పూర్వపు ప్రభువులును సముద్రవిషయమును బహిరంగముగా చాటినవారే. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవునందు అభయశాసనము వేయించెను. గాలివానకు చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును అంతకుముందటి రాజులు బలవంతముగా గైకొనుచుండిరి. ఇకమీదట నియతమైన సుంకము తప్ప తక్కినది వర్తకులకే విడువబడునని ఆ శాసనము ప్రకటించినది. దివిసీమ నేలిన అయ్య వంశమునకు గణపతిదేవునితో వియ్యము కలదు. నృత్తరత్నావళిని రచించిన జాయసేనాని ఆ వంశమువాడే. శ్రీకృష్ణదేవరాయలకు శ్రీకాకుళాంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి కృతి చెప్పుమన్నట్లు ఆముక్తమాల్యదయందు కలదు. ఆ శ్రీకాకుళము ఇచ్చటికి చేరువనే కృష్ణయొడ్డున నున్నది. ఆ కావ్యమునందలి రాజనీతి ఘట్టమున, రేవులను వృద్ధి చేయవలెననియు, గాలివానచేతనో రోగముచేతనో అలసి తీరము చేరిన పరదేశీయులను ఆదరింపవలెననియు చెప్పబడినది. సముద్రమువలని ఆపద ఒక్కరిది గాక రాజ్యమంతటిదని ఆనాటివారు తలచిరనుటకు ఈ రెండును సాక్ష్యములు.

ఇక ఆపదల సంగతి. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరు పట్టణముపై ఉప్పెన వచ్చినది. పట్టణమునను పరిసర గ్రామములందును కలిసి సుమారు 30,000 మంది మరణించిరని చరిత్రకారులు చెప్పుదురు. అంతకు నెలనాళ్లకు ముందు, అక్టోబరు 5న, కలకత్తాయందును అట్టి ఘోరమే జరిగియుండెను. ఈ రెండు ఉత్పాతములును, వానిని వెన్నంటి వచ్చిన కరవులును కలిసి 1875లో భారత వాతావరణ శాఖ స్థాపనకు హేతువులైనవి. ఈనాడు ఢిల్లీనుండి వెలువడు వాతావరణ ప్రకటనకు మూలమును వెదకిన, అందులో బందరు మృతుల భాగమును గలదని తెలియును. తుఫానును ఆంగ్లమున ‘సైక్లోన్’ అందురు. కలకత్తాయందుండిన హెన్రీ పిడింగ్టన్ అను నావికుడు 1848లో ఆ పదమును కల్పించెను. చుట్టచుట్టుకొన్న పాము అను అర్థమిచ్చు గ్రీకు పదమునుండి దానిని గైకొనెను. తుఫాను సూటిగా వీచు గాలి గాదు, నడిమి బిందువు చుట్టును సుడి తిరుగు గాలి యని ఆ పేరే తెలుపుచున్నది.

అటుపిమ్మట నూటపదమూడు సంవత్సరములకు, 1977 నవంబరు 19, శనివారమునాడు దివిసీమపై ఉప్పెన వచ్చినది. అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణములు పోయినవి. సొర్లగొంది మొదలగు గ్రామములు నేలమట్టమైనవి. సముద్రము మైళ్లకొలది లోపలికి వచ్చి, పశువులను, ధాన్యమును, ఇండ్లను, ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టినది. ఆ దినమును కన్నవారు ఈ సభలో ఉండవచ్చును; వారికి వర్ణన అక్కరలేదు. చనిపోయినవారిని తలచుకొని ఒక్క ప్రశ్న మాత్రము వేసికొనవలసియున్నది. తుఫాను వచ్చుచున్నదని వాతావరణ శాఖ ముందుగా ప్రకటింపలేదా? ప్రకటించినది. ఆ ప్రకటన తీరగ్రామములకు అర్థమగు రూపమున చేరలేదు. గాలివానలు ఈ సీమకు వాడుక. గాలివాన యనగానే తలుపులు బిగించుకొని ఇంటనుండుట అలవాటు. సముద్రము ఎంత ఎత్తు లేచును, ఎంతదూరము వచ్చును, ఏ దారిని ఎచ్చటికి పోవలెను అను మూడు మాటలను ఊరివారితో ముందుగా కూర్చుండి మాటలాడినవారు లేకపోయిరి.

ఇచ్చట పంచాంగమును ఒకసారి తెరచి చూడుట మంచిది. సముద్రమున పోటు అమావాస్యకును పౌర్ణమికిని హెచ్చుగా నుండును. అష్టమి ప్రాంతమున తగ్గియుండును. 1864 నాటి ఉప్పెన అమావాస్య గడచిన రెండుమూడు దినములలో వచ్చినది. 1977 నాటి ఉప్పెన కార్తీక శుద్ధ అష్టమీనవముల ప్రాంతమున, అనగా పోటు తక్కువగానుండు దినములలో వచ్చినది. తరువాత 1990 మే 9వ తేదీన మరియొక మహాతుఫాను కృష్ణాముఖమున బందరుకు చేరువలోనే తీరము దాటినది. ఆ దినము వైశాఖ పౌర్ణమి, పోటు నిండుగానుండు దినము. గాలిబలమున అది 1977 నాటిదానికి తీసిపోనిది. అయినను మృతుల సంఖ్య వేయికి లోబడియే యున్నది. పోటు తక్కువనాడు పదివేలమంది పోగా, పౌర్ణమినాడు వేయిలోపున ఆగుటకు కారణమేమి? ఆరు లక్షలకు పైగా జనులను ముందుగానే తీరమునుండి తరలించిరి. అప్పటికి తుఫాను రక్షణభవనములు లేచినవి, రహదారులు మెరుగుపడినవి, వార్తాసాధనములు హెచ్చినవి. వీనికన్న ముఖ్యమైనది, 1977ను చూచిన జనమునకు ఉప్పెన యననేమో తెలిసియుండుట. లెమ్మనిన లేచిరి, పొమ్మనిన పోయిరి. ఆ తెలివిడి వారికి పదివేల ప్రాణముల ధరకు లభించినది. 1977ను చూడని తరము ఇప్పుడు ఇండ్లకు పెద్దలై యున్నారు. వారికదే తెలివిడి ఏ ధరకు లభింపవలెను? సభలో కూర్చుండు రెండు గంటల ధరకు లభించునట్లు చేయుట గ్రంథాలయము చేతిలోని పని.

అట్టి సభలో చెప్పవలసిన శాస్త్రము కఠినమైనది కాదు. మూడు సంగతులు చాలును.

మొదటిది, ఉప్పెన పుట్టు విధము. తుఫాను నడుమ గాలి ఒత్తిడి తగ్గుటచే నీరు కొంత ఉబుకును. ఒక మిల్లీబారు ఒత్తిడి తగ్గిన సుమారు ఒక సెంటిమీటరు చొప్పున లేచును. ఈ లెక్కన ఎంత పెద్ద తుఫానైనను నీరు మీటరు ఎత్తునకు మించి లేచుట అరుదు. తక్కిన ఎత్తంతయు గాలి తెచ్చునదే. గాలి నీటిని తీరమువైపు తోయును. లోతైన సముద్రమున తోయబడిన నీరు అడుగునుండి వెనుకకు మరలిపోవును. దివిసీమ యెదుట కృష్ణ తెచ్చిన ఒండ్రుచే సముద్రము చాలదూరము మెరకగానున్నది; నీరు మరలిపోవుటకు అడుగున తావు చాలక మీదికి పేరుకొనును. పొలములకు మేలు చేసిన ఒండ్రే ఉప్పెననాడు ముప్పును హెచ్చించుచున్నది.

రెండవది, తుఫాను దాటు చోటు. ఈ భూభాగమున తుఫాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. అందుచే తుఫాను తీరము దాటునప్పుడు దాని కుడివైపున గాలి సముద్రమునుండి నేలకు వీచును. ఎడమవైపున నేలనుండి సముద్రమునకు వీచును. ఉప్పెన భయము కుడివైపున హెచ్చు. 1977లో తుఫాను చీరాల ప్రాంతమున దాటినది. దివిసీమ దాని కుడిప్రక్కన పడినది. కావున తుఫాను చీరాలయొద్దనో బాపట్లయొద్దనో దాటునని వార్త వచ్చినప్పుడు, అది దూరముగా పోవుచున్నదని కోడూరువారు నిశ్చింతగా నుండరాదు. ఆ వార్త కోడూరునకే మొదటి వార్త. ఈ ఒక్క మాట ప్రతి ఇంటను తెలిసిన చాలును, ఒక సభ సార్థకమైనట్లే.

మూడవది, తుఫాను కన్ను. సుడి నడిమిభాగము ఊరిమీదికి వచ్చినప్పుడు గాలి హఠాత్తుగా ఆగును, ఆకాశము తెల్లబారును. గండము గడచినదని తలచి బయటికి పోయినవారు, రెండవ తడవ ఎదురు దిక్కునుండి వచ్చు గాలికి చిక్కుదురు. గాలి ఆగినను చెప్పువరకు ఆశ్రయము విడువరాదు.

ఇట్టి విషయములను ఊరిజనముతో ముచ్చటించు ఆచారము లోకమున మరియెచ్చటనైనను కలదా యను ప్రశ్న కలుగవచ్చును. అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రమందు వుడ్స్‌హోల్ అను చిన్న గ్రామము సముద్రపుటొడ్డున నున్నది. అందు స్థిరనివాసులు వేయిమందికి మించరు. అచ్చటి తీరమున చేపలు తగ్గిపోవుచున్నవని ఒకప్పుడు పెద్ద తగవు పుట్టినది. గాలము వేయువారు బోనువలలవారిని నిందించిరి. బోనువలలవారు తమ తప్పు లేదనిరి. మర పడవలకును నాటు పడవలకును జరుగు వాదము నెరిగినవారికి ఇది విచిత్రముగా తోచదు. ఆ తగవును విచారించుటకై 1871లో స్పెన్సర్ బేర్డ్ అను శాస్త్రజ్ఞుడు ప్రభుత్వపక్షమున అచ్చటికి వచ్చి, మత్స్యకారుల వాఙ్మూలములను గైకొనెను. సముద్రజీవులను పరీక్షించుటయు అప్పుడే మొదలైనది. 1885లో స్థిరమైన పరిశోధనాలయము, 1888లో సముద్రజీవశాస్త్ర ప్రయోగశాల, 1930లో సముద్రవిజ్ఞాన సంస్థ అచ్చట వెలసినవి. ప్రయోగశాలవారు 1890ల నాటినుండియు వేసవిలో శుక్రవారము సాయంకాలము ఉపన్యాసములు జరుపుచున్నారు; వానికి గ్రామస్థులును రావచ్చును. గొప్ప పండితుడైనను ఆ సాయంకాలము తన శాస్త్రమును ఇరుగుపొరుగువారికి తెలియునట్లు చెప్పవలెను. చేపలు ఏల తగ్గినవను మత్స్యకారుని ప్రశ్నయే ఆ విజ్ఞానమంతటికిని బీజమైనది.

ఆంధ్రదేశమునను సముద్రశాస్త్రము పెరిగినది. 1952లో లఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచ్చటి ఆచార్యులతోను విద్యార్థులతోను కలిసి, నౌకాదళపు ఓడలపై బంగాళాఖాతమున పరిశోధనలు సాగించెను. గాలి తీరము వెంబడి నైరుతినుండి వీచునప్పుడు, భూమి తిరుగుటచే పైనీరు కుడివైపునకు, అనగా లోసముద్రమునకు తొలగుననియు, ఆ ఖాళీలోనికి అడుగునుండి చల్లని నీరు పైకి వచ్చుననియు వారు వివరించిరి. ఆ చల్లనినీటిలో పోషకద్రవ్యములు హెచ్చు. వానిపై సూక్ష్మజీవులు, సూక్ష్మజీవులపై చిన్నచేపలు, చిన్నచేపలపై పెద్దచేపలు వృద్ధియగును. నీరు చల్లబడినదని పడవమీదివాడు చేతితో గ్రహించిన సంగతికి కారణమిదియే. ఇంకొక విశేషము. తూర్పుతీరపు వాలున, సముద్రగర్భమందలి లోయలను లఫాండ్ గుర్తించి 1964లో ప్రకటించెను. వానిలో ఒకదానికి ఆంధ్ర యనియు, ఒకదానికి వాల్తేరు భూగర్భశాస్త్రాచార్యులైన మహాదేవన్ గారి పేరును, ఒకదానికి కృష్ణ యనియు పేరులు పెట్టబడినవి. నేలపై పారు కృష్ణను ఎరిగినవారందరు. కడలి క్రింద అదే పేరుతో ఒక లోయ కలదని ఈ నదీముఖమున నివసించు బాలురలో ఎందరికి చెప్పబడినది? ప్రపంచపు పండితులు చదువుకొన్న వార్త పుట్టింటికి చేరలేదు.

నేడు వార్తలకు కొదువలేదు. బందరునందు తుఫానులను కనిపెట్టు రాడారు కలదు. 1999లో హైదరాబాదున స్థాపింపబడిన జాతీయ సముద్ర సమాచార కేంద్రము అలల ఎత్తును, చేపలు దొరకు తావులను తెలుపుచున్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆంధ్రతీరమున నూరుమందికి పైగా బలిగొన్న పిమ్మట, 2007నుండి సునామీ హెచ్చరికల బాధ్యతయు అచ్చటనే యున్నది. చేతిలోని ఫోనునకే వార్త వచ్చుచున్నది. కాని ఆ వార్త యెట్లుండును? సహజమైన పోటు మట్టమునకు పైన మీటరున్నర ఎత్తున ఉప్పెన వచ్చి పల్లపుప్రాంతములను ముంచునని యుండును. మీటరున్నర యనిన ఎవరి యరుగు మునుగును? బడి గడపకు వచ్చునా, రామాలయపు మెట్లవరకా? ఈ ప్రశ్నకు ఢిల్లీలో జవాబు దొరకదు, హైదరాబాదున దొరకదు. ఊరి ఎత్తుపల్లములు తెలిసినవారు కూర్చుండి చెప్పుకొనవలసినదే.

ఇచ్చటనే సభకును ఉపన్యాసమునకును గల భేదము తెలియును. ఉపన్యాసమున ఒకరు చెప్పగా పదిమంది విందురు. సభలో ఆ పదిమందికిని చెప్పవలసినది కలదు. పోటు దినదినమునకు సుమారు రెండు గడియలు వెనుకపడునని మత్స్యకారుడు ఏ బడిలోను చదువలేదు; చంద్రుడు దినమునకు అంతే ఆలస్యముగా వచ్చుటయే దానికి కారణమని శాస్త్రజ్ఞుడు చెప్పును. ఒకరు చూచినది, ఒకరు కారణమెరిగినది. నదీముఖమున ఇసుకమేట ఏ ఏట ఎటు జరిగినదో, ఏ కాలువలోనికి ఉప్పునీరు ఎంతవరకు ఎక్కినదో, ఏ చేప కొన్నేండ్లుగా వలకు రాకున్నదో శాస్త్రజ్ఞునకు తెలుపవలసినవారు ఊరివారే. చేపలమ్ము స్త్రీలకు ఏ కాలమున ఏ పరిమాణముగల చేప వచ్చుచున్నదో ఎవరికన్నను బాగుగా తెలియును. వారిని వెనుక నిలుపు సభ సగము సభయే.

సభ యనిన నాలుగు గోడలనడుమనే జరుగవలెనని లేదు. కృష్ణా అభయారణ్యము 1989లో ఏర్పడినది. ఆ తీరమున ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్లు చలికాలము చివరను ఒడ్డునకు వచ్చి ఇసుకలో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి పోవును. అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచె లోపల ఇసుకలో పూడ్చి, నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడగా సముద్రమున విడుచుదురు. ఇసుక వేడి హెచ్చిన ఆడపిల్లలును, తగ్గిన మగపిల్లలును హెచ్చుగా పుట్టుటయు, పిల్లలు సముద్రపు వెలుగును చూచి అటు నడచుటయు, తీరమునందలి దీపములు వానిని దారి తప్పించుటయు అచ్చట బాలురకు కన్నులార చూపించి చెప్పవచ్చును. మర పడవ వలలో చిక్కిన తాబేలు ఊపిరాడక చచ్చుననియు, అది తప్పించుకొను ద్వారముగల వలలు కలవనియు అదే తావున పెద్దలతో ముచ్చటింపవచ్చును.

మడ అడవియు అట్టి పాఠశాలయే. కొట్టివేయబడి, పోటునీరు చేరక, ఉప్పు పేరుకొన్న తావులలో మడ మరల మొలవదు. 1990ల చివరను స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు, అటవీశాఖవారు, తీరగ్రామస్థులు కలిసి అట్టి తావులలో చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వించిరి. పోటునీరు లోనికి వచ్చి, పాటున మరలిపోవుచు ఉప్పును కడిగినది. నాటిన మొక్కలు నిలిచినవి. ఎచ్చట కాలువ త్రవ్విన నీరు పారునో నిర్ణయించుటకు గ్రంథజ్ఞానము ఒక్కటియే చాలదు. ఆ బురదలో నడచినవాని మాటయు కావలెను. మడ వేళ్లు ఒండ్రును పట్టి నిలుపును, అలల దూకుడును కొంత తగ్గించును, రొయ్యపిల్లకును పీతకును పురిటిల్లగును. దానిని నరికినవానికి ఒక దినపు వంటచెరకు దొరకును. దాని నష్టము వలలో కానవచ్చుటకు కొన్నియేండ్లు పట్టును. ఇట్టి ఆలస్యపు లెక్కను కనులకు కట్టించుటయే సభ ప్రయోజనము.

గ్రంథాలయమునకు ఈ భారమేల యని కొందరు సంశయింపవచ్చును. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము పుట్టినదే ఇందులకు. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయములను తెలుగున అచ్చువేసి పల్లెలకు పంపినది. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణ కాలువపై పడవలో గ్రంథములుంచి ఊరూరికి నడిపించిరి. చదువరి గ్రంథమునొద్దకు రాలేనిచోట గ్రంథమే చదువరియొద్దకు పోవలెననుట ఆ పెద్దల మతము. అదే న్యాయమున, సముద్రశాస్త్రమునొద్దకు పోలేని పల్లెకు శాస్త్రమును రప్పించుట గ్రంథాలయధర్మమే యగును.

ఆచరణకు అనువైన పనులను కొన్నింటిని సభవారి విచారణకు నివేదించుట ఉచితము.

ఏటేట రెండు సభలు తప్పక జరుపవలెను. ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని మర పడవల వేట నిషేధింపబడుచున్నది. పడవలు ఒడ్డుననుండును, మత్స్యకారులు ఇంటనుందురు. మొదటి సభకు అది తగిన కాలము. తుఫానులు హెచ్చుగా వచ్చు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు ముందు రెండవ సభ జరుపవలెను.

గ్రంథాలయపు గోడపై నల్లబల్ల యొకటి యుంచి, హెచ్చరికల మాటలకు అర్థము వ్రాయింపవలెను. గాలి గంటకు 31 మొదలు 50 కిలోమీటర్లవరకున్న వాయుగుండము. 51 మొదలు 62 వరకు తీవ్ర వాయుగుండము. 63 మొదలు 88 వరకు తుఫాను. 89 మొదలు 117 వరకు తీవ్ర తుఫాను. అంతకు మించినవి అతి తీవ్రములు. రేవులో ఎగురవేయు సూచికలు ఒకటి మొదలు పదునొకండు వరకు కలవు. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదము. పదునొకండనిన వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినదని అర్థము. ఆ పదునొకండవ సూచిక యెగిరిన దినమున ఊరివారికి తోడు వచ్చునది, అంతకుముందు సభలో విన్నది మాత్రమే.

గ్రామపటముపై ఎత్తుపల్లములను కొలిపించి, బడి, చావడి, రామాలయము, చెరువుగట్టు, వంతెన సముద్రమట్టమునకు ఎంత ఎత్తుననున్నవో వ్రాయింపవలెను. 1977లో నీరు ఎంతవరకు వచ్చినదో చూచినవారు బ్రతికియుండగానే వారిచేత గుర్తులు పెట్టింపవలెను. పదియేండ్లు ఆలసించిన ఆ గుర్తు చెప్పగలవారు దొరకరు.

సముద్రమునకు ఒక దినచర్య పుస్తకము పెట్టవలెను. గాలి దిక్కు, పోటు వేళ, కాలువనీటి రుచి, వలకు చిక్కిన చేపల జాతులు, తాబేళ్ల రాక మొదలగునవి హైస్కూలు విద్యార్థులు మత్స్యకారులనడిగి వ్రాయవచ్చును. ఇరువదియైదేండ్లు ఎడతెగక వ్రాసినచో అట్టి పుస్తకము కొరకు విశ్వవిద్యాలయములవారే ఈ గ్రామమునకు వచ్చెదరు. అప్పుడు ఊరు శ్రోతగానే యుండక, శాస్త్రమునకు దాతయు నగును.

వచ్చిన వక్తకు ఒక్క నియమము విధింపవలెను: చెప్పునది తెలుగున చెప్పవలెను, చెప్పినంతసేపును తిరిగి వినవలెను. తనకు తెలియని ప్రశ్న వచ్చినప్పుడు తెలియదని చెప్పుటకు సంకోచింపరాదు. కర్ణపర్వములోని కాకి ఆ మాట నీట మునిగిన పిమ్మట చెప్పెను. ముందుగా చెప్పియుండిన రెక్కలు తడిసెడివి కావు.

ఈ సీమ సముద్రముపై కోపగించి యెచ్చటికిని పోలేదు. 1977 తరువాతను ఇచ్చటనే ఇండ్లు కట్టిరి, వరి నాటిరి, వలలు అల్లిరి, పిల్లలను బడికి పంపిరి. అంతటి ధైర్యముగల జనమునకు కొరవడినది తెలివిడియే యైనచో, అది అలమారలో తాళముపడి యుండరాదు. గ్రంథాలయము తలుపులు తెరచి, చాప పరచి, దీపము పెట్టి పిలిచిన, వచ్చువారు కలరు, చెప్పువారును కలరు. రజతోత్సవము జరుపుకొను ఈ సంస్థ స్వర్ణోత్సవము నాటికి తీరమునందలి ప్రతి బాలునకును, ప్రతి బాలికకును ఉప్పెన యననేమో, అది వచ్చుననిన ఏ దారిని ఏ మెరకకు పోవలెనో కంఠస్థము చేయించుగాక. 1864లోను 1977లోను మరణించినవారికి అంతకన్న తగిన తర్పణము లేదు.

శుభం భూయాత్.